పిల్లల తొలి విమాన ప్రయాణం: టికెట్ బుకింగ్ నుంచి లగేజీ బెల్టు దాకా

విమానం ఎక్కుతున్నామని చెప్పిన రోజు నుంచీ పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారు. తీరా ప్రయాణం రోజున ఆ పిల్లలే ఎయిర్‌పోర్టు క్యూలో ‘ఇంకా ఎంతసేపు?’ అని నస పెడతారు, సెక్యూరిటీ వాళ్లు చేతిలో బొమ్మ తీసుకుంటే ఏడుస్తారు, ఇంజన్ హోరెత్తగానే బిగుసుకుపోతారు. మబ్బుల గురించీ కిటికీ గురించీ ఊరించి చెప్పాం గానీ, వాటికి ముందుండే నాలుగు క్యూల సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి. గాల్లో ఉండేది గంటే అయినా, ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి లగేజీ చేతికొచ్చేదాకా ఐదారు గంటలు సులువుగా గడిచిపోతాయి.

అందుకే ఈ వ్యవహారం మొత్తంలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఒక్కటే: తర్వాత ఏం జరగబోతోందో పిల్లలకు ముందే తెలియాలి. బొమ్మలు, ట్యాబ్, చిరుతిళ్లు అన్నీ దాని తర్వాతే. ఇది ప్రధానంగా రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల కోసం. చంటిపిల్లల సంగతి అవసరమైన చోట విడిగా చెప్తాను.

1. టికెట్ బుక్ చేసేటప్పుడు

ముందు వయసు చూసుకోండి. రెండేళ్లు నిండని బిడ్డను దాదాపు అన్ని విమానసంస్థలూ ఒళ్లో కూర్చోబెట్టుకోనిస్తాయి. రెండేళ్లు నిండితే సొంత సీటు ఉండాల్సిందే. ఇక్కడ లెక్క బుక్ చేసిన రోజుది కాదు, ప్రయాణం చేసే రోజుది. వెళ్లేటప్పుడు ఒళ్లో కూర్చున్న పాపకు తిరుగు ప్రయాణానికి ముందే రెండో పుట్టినరోజు వస్తే, వచ్చేటప్పుడు సీటు కొనాలి. ఈ సంగతి చాలామందికి చెక్ ఇన్ కౌంటర్ దగ్గర తెలుస్తుంది. అప్పటికి విమానం నిండిపోయి ఉంటే ఇబ్బందే. పుట్టి కొన్ని రోజులే అయిన బిడ్డ అయితే విమానసంస్థ నియమాలు చదివి, డాక్టర్‌ని అడిగాకే టికెట్ తీయండి.

వయసు రుజువు చూపించే కాగితం ఎప్పుడూ చేతిలో ఉండాలి. వేరే దేశానికి వెళ్తుంటే నెలల బిడ్డకైనా సొంత పాస్‌పోర్ట్ కావాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే తీసుకెళ్తున్నా, తాతయ్య అమ్మమ్మలతో పంపుతున్నా, మిగిలిన వాళ్ల సమ్మతి పత్రం చాలా దేశాలు అడుగుతాయి. ఏ దేశానికి ఏం కావాలో ఆ దేశపు అధికారిక సైట్‌లోనే చూడండి, తెలిసిన వాళ్ల మాట మీద వెళ్లకండి.

టైము విషయంలో నాదొక అభిప్రాయం. ‘పిల్లలు నిద్రపోయే టైముకి విమానం తీసుకోండి, హాయిగా పడుకుంటారు’ అని అందరూ చెప్తారు. సుదూర ప్రయాణానికి అది నిజమే కావచ్చు. రెండు గంటల ప్రయాణానికి మాత్రం అది బెడిసికొడుతుంది. నిద్ర ముంచుకొచ్చే వేళకి పిల్లాడు సెక్యూరిటీ క్యూలో నిలబడి ఉంటాడు, విమానం దిగేసరికి గాఢనిద్రలో ఉంటాడు. రెండూ మీకే కష్టం. మీ పిల్లలు మామూలుగా ఏ వేళ హుషారుగా ఉంటారో ఆ వేళకి దొరికితే చూడండి. పొద్దుటి విమానాలకు ఇంకో లాభం ఉంది. మధ్యాహ్నం ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది కాబట్టి కుదుపులు అప్పుడే ఎక్కువ, పొద్దున తక్కువ. కాస్త ఖర్చెక్కువైనా మొదటిసారికి మధ్యలో మారే విమానం వద్దు.

సీట్లు బుకింగ్‌లోనే ఎంచుకోండి. ‘పిల్లలున్నారుగా, వాళ్లే పక్కపక్కన ఇస్తారులే’ అనుకుంటే ఒక్కోసారి కుటుంబం నాలుగు వరసల్లో చెల్లాచెదురవుతుంది. కిటికీ సీటు ఒకటి తప్పకుండా తీసుకోండి, అయితే రెక్క మీద పడే వరస అయితే బయట రెక్కే కనిపిస్తుంది. అక్కడ కుదుపులు మాత్రం తక్కువ. కడుపులో తిప్పే అలవాటున్న పిల్లలకు రెక్క దగ్గర, మిగతా వాళ్లకు రెక్కకి ముందో వెనకో. ఎమర్జెన్సీ ద్వారం వరసలో పిల్లల్ని కూర్చోనివ్వరు. అన్నిటికన్నా ముందు వరసలో కాళ్లకు జాగా ఉంటుంది, సుదూర విమానాల్లో గోడకు ఉయ్యాల కూడా తగిలిస్తారు. కానీ ఎదురుగా సీటు ఉండదు కాబట్టి టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు. సీట్ల మధ్య చేతివాలు పైకి లేవదు, పిల్లాడు మీ ఒళ్లో వాలి పడుకోలేడు. ఉయ్యాల అవసరం లేకపోతే ఆ వరస కోసం పోటీ పడక్కర్లేదు.

2. వారం ముందు నుంచి చెప్పాల్సినవి

వరుసక్రమం చెప్పండి, అదీ కథలాగా. ముందు కారులో వెళ్తాం. పెద్ద బ్యాగులు ఒక అక్కకి ఇచ్చేస్తాం, అవి బెల్టు మీద లోపలికి వెళ్లిపోతాయి, దిగాక మళ్లీ మన దగ్గరకే వస్తాయి. తర్వాత చిన్న బ్యాగులు ఒక డబ్బాలోంచి వెళ్తాయి, నీ బొమ్మ కూడా. ఆ తర్వాత కూర్చుని ఎదురుచూస్తాం. చాలాసేపు. తర్వాత విమానం. ఎక్కగానే ఎగరదు, మెల్లగా దొర్లుతుంది, ఆగుతుంది, తర్వాత గట్టిగా పరుగెడుతుంది. ఈ కథ నాలుగైదు సార్లు చెప్పేసరికి మీరు ఒక మెట్టు మర్చిపోతే వాళ్లే అందిస్తారు. అప్పుడు వాళ్లు సిద్ధమైనట్టే.

ఇంట్లో కుర్చీలు వరసగా వేసి ఆడించండి. చున్నీయో టవలో బెల్టులా కట్టండి. ‘బెల్టు లైటు వెలిగింది’ అంటే కూర్చోవాలి, ‘ఆరింది’ అంటే లేవచ్చు. ఇదంతా చూడ్డానికి ఆటే గానీ, అసలు రోజున బెల్టు పెట్టుకోనని మారాం చేసే పిల్లల దగ్గర చాలా పనికొస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టించాలనుకుంటే దాన్నీ ఇప్పుడే అలవాటు చేయండి. విమానంలో మొదటిసారి తగిలిస్తే పీకి పారేస్తారు.

‘భయపడకు’ అని మాత్రం పదేపదే అనకండి. అప్పటిదాకా భయమన్న ఆలోచనే లేని పిల్లకి ‘ఓహో, ఇక్కడ భయపడాల్సిందేదో ఉందన్నమాట’ అని మనమే చెప్పినట్టవుతుంది. అలాగే ‘చెవి అస్సలు నొప్పి పుట్టదు’ అనకండి. పుట్టొచ్చు. ‘చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది, అప్పుడు గుటకలు వేద్దాం, తెరుచుకుంటాయి’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

‘నాన్నా, విమానం పడిపోతుందా?’ అని అడిగితే నవ్వి కొట్టిపారేయొద్దు. ‘విమానం వేగంగా వెళ్తున్నంతసేపూ రెక్కలు గాలిని కిందకి నెడతాయి, ఆ గాలి విమానాన్ని పైకి నెడుతుంది. నడిపేవాళ్లు ఇద్దరుంటారు, ఇంజన్లు కూడా రెండుంటాయి, ఒకటి ఆగినా రెండోదానితో దిగగలదు’ అంటే చాలు. పిల్లలకు కావలసింది పెద్ద జవాబు కాదు, మనం తడబడకుండా చెప్పామా లేదా అన్నదే.

ఆరోగ్యం సంగతి. జలుబు గట్టిగా ఉన్నా, ఈ మధ్యే చెవిలో ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినా ప్రయాణానికి ముందు డాక్టర్‌కి చూపించండి. పడుకుంటారని నిద్రమందు పోసే అలవాటు కొందరికి ఉంది. ఆ పని చేయకండి. అలర్జీకి వాడే, మత్తుగా ఉంచే మందులు కొందరు పిల్లల్లో సరిగ్గా తిరగబడి, నిద్ర మాట దేవుడెరుగు, ఇంకాస్త రెచ్చగొడతాయి. వాంతులు రాకుండా మందు కావాలంటే డాక్టర్‌ని అడిగి, ముందు ఒకసారి ఇంటి దగ్గర వేసి చూడండి.

3. బ్యాగు సర్దడం

ఒక బ్యాగు ఎదుటి సీటు కిందే ఉండాలి. తలపైన అరలో పెట్టినది సీటు బెల్టు లైటు వెలిగినంతసేపూ మీకు లేనట్టే లెక్క. కాళ్ల దగ్గరి ఈ బ్యాగులో పిల్లలకి ఒక జత బట్టలు, తడి తుడుపులు, రెండు మూడు ఖాళీ ప్లాస్టిక్ కవర్లు, రోజూ వేసే మందులు, డైపర్లు వాడే వయసైతే ప్రయాణం మొత్తానికి సరిపడా కాకుండా దానికి రెట్టింపు. విమానం ఆలస్యమైతే డైపర్ల కొట్టు పైన ఎక్కడా ఉండదు. ఇంకో ముఖ్యమైన వస్తువు మీ కోసం ఒక చొక్కా. పిల్లాడు వాంతి చేసుకునేది ఎక్కువగా తన మీద కాదు, మీ మీద.

ద్రవాల నియమం తెలిసే ఉంటుంది. 2006 ఆగస్టులో లండన్‌లో విమానాల పేల్చివేత కుట్ర బయటపడ్డాక వచ్చిన కట్టుబాటు ఇది. అంతర్జాతీయ ప్రయాణాల్లో చాలాచోట్ల చేతి బ్యాగులో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. పసిపిల్లల పాలు, పాలపొడి కలిపే నీళ్లు, మందులకు మినహాయింపు ఉంటుంది. వాటిని విడిగా తీసి చూపించి, ఫలానా అని మీరే చెప్పండి. కొన్ని ఎయిర్‌పోర్టుల్లో కొత్త స్కానర్లు వచ్చి ఈ పరిమితి సడలింది గానీ, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు వేరే కాబట్టి పాత నియమాన్నే పట్టుకోవడం మేలు. పిల్లల సామానులో పట్టుబడేవి వేరే ఉన్నాయి: జిగురుగా సాగే స్లైమ్, నీళ్లు నింపిన గాజు బంతి బొమ్మ, బొమ్మ తుపాకీ, మొన తేలిన కత్తెర. అక్కడ లాక్కుంటే ఏడుపు మొదలవుతుంది కాబట్టి బయల్దేరే ముందు రాత్రి పిల్లల బ్యాగు మీరే ఒకసారి దులిపి చూడండి. జేబుల్లో కూడా.

పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. దాని సామర్థ్యం 100 వాట్ అవర్లు (దాని మీదే Wh అని రాసి ఉంటుంది) దాటనిది అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. దాన్ని విమానంలో వాడనివ్వని సంస్థలూ ఉన్నాయి, అందుకని ట్యాబ్ నిండా ఛార్జ్ చేసుకునే బయల్దేరండి. వీడియోలు డౌన్‌లోడ్ చేసి, ఇంట్లోనే ఫ్లైట్ మోడ్ పెట్టి ఒకసారి ఆడించి చూడండి. సగం యాప్‌లు నెట్ లేకపోతే తెరుచుకోవని అప్పుడు తెలుస్తుంది.

బొమ్మల విషయంలో పొదుపుగా ఉండండి. చప్పుడు చేసేవి, గుండ్రంగా దొర్లిపోయేవి, ముక్కలు ముక్కలుగా ఉండేవి వద్దు. సీటు కింద పడిన చిన్న ముక్క ఆరు వరసల వెనక్కి వెళ్లి ఆగుతుంది. స్టిక్కర్ల పుస్తకం, మూడు నాలుగు రంగుల పెన్సిళ్లు, ఎప్పుడూ చూడని చిన్న బొమ్మ ఒకటి చాలు. ఆ కొత్తది చివరిదాకా దాచండి.

బట్టలు ఒకదాని మీద ఒకటి వేసి తీసేలా ఉండాలి. విమానం నేల మీదున్నంతసేపు ఉక్కగా ఉన్నా పైకి వెళ్లాక చలేస్తుంది. ఇట్టే వేసి తీసే బూట్లు మంచివి. కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి తొడగొద్దు.

4. ఎయిర్‌పోర్టులో

దేశంలోపలి ప్రయాణానికి రెండు గంటలు, విదేశానికి మూడు గంటలు ముందుండమంటారు. పిల్లలతో అయితే ఇంకో అరగంట కలపండి. ఆ అరగంట వాళ్లు పరిగెత్తడానికి కాదు, మీరు పరిగెత్తకుండా ఉండటానికి. మన టెన్షన్ వాళ్లకు ఇట్టే అంటుకుంటుంది.

పెద్దవాళ్లు ఇద్దరుంటే పని పంచుకోండి. ఒకరు కాగితాలు, రెండో వారు పిల్లలు. ఇద్దరూ రెండూ చూస్తే పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుందో ఇద్దరికీ తెలియదు. బయల్దేరే ముందు పిల్లల్ని నిలబెట్టి ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. తప్పిపోతే ‘ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?’ అన్న ప్రశ్నకు ఆ కంగారులో జవాబు తట్టదు. జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టి, ‘మేం కనిపించకపోతే ఉన్నచోటే నిలబడు, మెడలో కార్డు వేసుకుని యూనిఫామ్‌లో ఉన్నవాళ్లకి ఈ చీటీ చూపించు’ అని చెప్పండి.

స్ట్రోలర్ (పిల్లల్ని తోసుకెళ్లే బండి) ఉంటే చెక్ ఇన్‌లో ఇచ్చేయాలా, గేటు దాకా తీసుకెళ్లచ్చా అని కౌంటర్‌లో అడిగి ట్యాగు వేయించుకోండి. గేటు దాకా ఉంటే మీ నడుముకి చాలా సాయం. దిగాక అది విమానం తలుపు దగ్గర ఇస్తారా, లగేజీ బెల్టు మీద వస్తుందా అన్నది కూడా అప్పుడే అడిగేయండి.

5. సెక్యూరిటీ దగ్గర

చాలామంది పిల్లలు మొదటిసారి ఏడ్చేది ఇక్కడే. మనకిది ట్రేలో ఫోన్ వేసి ముందుకు కదలడం. నాలుగేళ్ల పాపకి ఇది ఎవరో తెలియని మనిషి తన కుందేలు బొమ్మని లాక్కుని చీకటి సొరంగంలో వేయడం. పైగా అదే క్షణంలో ‘నువ్వొక్కదానివే ఆ తలుపులోంచి రామ్మా’ అంటారు.

ట్రే దగ్గరకి రాకముందే మొదలుపెట్టండి. క్యూలో ఉండగానే, ముందున్న వాళ్ల బ్యాగులు ఎలా వెళ్లి ఎలా వస్తున్నాయో చూపించండి. కుందేలుని ట్రేలో పాప చేతే పడుకోబెట్టించండి. ‘ఇది ఇటు వెళ్తుంది, నువ్వు అటు వెళ్తావు, ఎవరు ముందొస్తారో చూద్దాం’ అంటే సగం పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్తారు. పెద్దవాళ్లలో ఒకరు ముందు దాటి అవతల చేతులు చాచి నిలబడాలి, రెండో వారు ఇవతలే ఉండాలి. పాప మధ్యలో నడుస్తుంది. మెటల్ డిటెక్టర్ కూస్తే తిట్టినట్టు అనిపించి కొందరు బిగుసుకుపోతారు. ‘గుండీ ఉంది కదా, అందుకు కూసింది’ అనేయండి. చంటిపిల్లల్ని ఎత్తుకునే దాటాలి, స్ట్రోలర్ మడిచి స్కానర్‌లో పెట్టాలి. ఇవన్నీ ఒంటి చేత్తో చేయలేరు, మొహమాటపడకుండా సిబ్బందిని సాయమడగండి. వెనక క్యూ ఉందని హడావిడి పడొద్దు, వాళ్లు ఆగుతారు.

6. గేటు దగ్గర

ఇక్కడ కూర్చోబెట్టకండి. రాబోయే గంటలు కూర్చోవడమే కదా. అద్దాల దగ్గరకి తీసుకెళ్లి కింద జరిగేదంతా చూపించండి. ఇంధనం నింపే బండి, బెల్టు మీద పైకెక్కే బ్యాగులు, విమానం చుట్టూ పెట్టే నారింజ రంగు శంకువులు, విమానాన్ని వెనక్కి నెట్టే పొట్టి బండి. అంత పెద్ద విమానానికి ఆ బుల్లి బండే దిక్కంటే పిల్లలకి ఎక్కడ లేని ఆశ్చర్యం. చీకటి పడితే ఇంకో ఆట ఉంది. ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం ఉంటుంది, ఏ విమానానికైనా. దీపం చూసి అది మనవైపు వస్తోందా పోతోందా కనిపెట్టమనండి.

బోర్డింగ్ పిలుపుకి పావుగంట ముందు అందరినీ టాయిలెట్‌కి తీసుకెళ్లండి, ‘నాకు రావట్లేదు’ అన్నా సరే.

పిల్లలున్న వాళ్లని ముందు ఎక్కమంటారు. నా మాట వింటే పెద్దవాళ్లలో ఒకరే ముందు ఎక్కి బ్యాగులు సర్దుకోండి, రెండో వారు పిల్లలతో చివర్లో ఎక్కండి. కదలని విమానంలో ముప్పావుగంట కూర్చుంటే, ఎగిరే టైముకి పిల్లల ఓపిక అయిపోతుంది. మీరొక్కరే అయితే మాత్రం ముందే ఎక్కేయండి, లేకపోతే పైఅరల్లో చోటుండదు.

7. సీట్లో కూర్చున్నాక

బెల్టు నడుము కింద, తుంటి మీద బిగువుగా ఉండాలి, పొట్ట మీద కాదు. ఒళ్లో బిడ్డని మీ బెల్టు లోపలే కలిపి కట్టకండి. కుదుపు వస్తే మీ బరువంతా బిడ్డ మీద పడుతుంది. కొన్ని సంస్థలు బిడ్డకి విడిగా చిన్న బెల్టు ఇస్తాయి, అడగండి. స్థోమత ఉంటే పసిబిడ్డకి కూడా సీటు కొని, విమానాల్లో వాడేందుకు అనుమతి ముద్ర ఉన్న కార్ సీటులో కూర్చోబెట్టడం అన్నిటికన్నా భద్రం.

సిబ్బంది చూపించే ప్రదర్శన పిల్లలతో పాటు మీరూ చూడండి. ఆక్సిజన్ మాస్క్ ముందు మీరు పెట్టుకోవాలి, తర్వాతే పిల్లలకి. ఇది వినడానికి తల్లి మనసుకి ఎదురు తిరిగినట్టు ఉంటుంది. కానీ 35,000 అడుగుల ఎత్తులో విమానం లోపలి గాలి ఒత్తిడి పోతే పెద్దవాళ్లకైనా తెలివిగా పని చేయగల సమయం అర నిమిషం నుంచి నిమిషం. మీరు పడిపోతే పిల్లకి పెట్టేవాళ్లే ఉండరు. పెద్ద పిల్లలకి ఈ మాట ముందే చెప్పండి.

రాత్రిపూట టేకాఫ్‌కి ముందు దీపాలు తగ్గిస్తారు, కిటికీ మూతలు తెరవమంటారు. అత్యవసరంగా దిగాల్సివస్తే కళ్లు చీకటికి అలవాటుపడి ఉండాలని, బయట ఏముందో కనబడాలని. హఠాత్తుగా చీకటయితే పిల్లలు హడలిపోతారు, ‘ఇప్పుడు లైట్లు ఆరతాయి చూడు’ అని ముందే అనండి.

8. టేకాఫ్: శబ్దాల వరస

ఇది మీరు ముందే చదివి పెట్టుకుని, చెవిలో కామెంటరీలా చెప్పాలి. దొర్లే ముందు కింద నుంచి కుక్క మొరిగినట్టో రంపం కోసినట్టో శబ్దం రావచ్చు. కొన్ని ఎయిర్‌బస్ విమానాల్లో అది హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) యంత్రానిది, మామూలే. రెక్క వెనక పలకలు జరుగుతూ గుర్రుమంటాయి. రన్‌వే మీదకి రాగానే ఇంజన్లు హోరెత్తుతాయి, వీపు సీటుకి అతుక్కుంటుంది. ఇక్కడ పిల్లలతో గట్టిగా అంకెలు లెక్కపెట్టించండి. సాధారణంగా నలభై దాటకముందే ముక్కు పైకి లేస్తుంది, అప్పటికి వేగం గంటకి 250 కిలోమీటర్లకి అటూ ఇటూ. లేచిన కొన్ని క్షణాలకి కాళ్ల కింద ఢబ్‌మంటుంది. ‘చక్రాలు లోపలికి ముడుచుకున్నాయి.’ ఇంకాస్త పైకెళ్లాక ఇంజన్ చప్పుడు ఉన్నట్టుండి తగ్గుతుంది, విమానం కిందకి జారినట్టు అనిపిస్తుంది. పెద్దవాళ్లు కూడా గతుక్కుమనేది ఇక్కడే. పరుగుకి కావలసినంత బలం ఇప్పుడు అక్కర్లేదు కాబట్టి తగ్గించారు, అంతే.

9. గాల్లో

మొదటి పావుగంట కిటికీయే బొమ్మ. అది ముగిశాక ఒక్కొక్కటే బయటికి తీయండి, అన్నీ ఒకేసారి బల్ల మీద పరవకండి. ట్యాబ్ అన్నిటికన్నా చివర. నీళ్లు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి, లోపలి గాలిలో తేమ చాలా తక్కువ, చాలా విమానాల్లో 20 శాతం కూడా ఉండదు. కడుపు నిండా పెట్టొద్దు. అలాగని ఖాళీగా ఉంచినా తిప్పుతుంది.

వేడి టీ, కాఫీ పిల్లలు పక్కనుంటే తీసుకోకపోవడమే మంచిది. ఇరుకు బల్ల, ఊగే విమానం, కాళ్లు ఆడించే పిల్లాడు. ఎదుటి సీటుని తన్నడం సంగతి కూడా చూసుకోండి. బూట్లు విప్పేస్తే తన్నినా చప్పుడుండదు, ముందాయనకి తగలడమూ తక్కువే. మాటిమాటికీ చుట్టుపక్కల వాళ్లకి క్షమాపణలు చెప్పుకోనక్కర్లేదు. ఏడుస్తున్న బిడ్డని ఊరుకోబెట్టే ప్రయత్నం మీరు చేస్తున్నారని కనిపిస్తే చాలామంది సర్దుకుంటారు.

టాయిలెట్ ఫ్లష్ శబ్దానికి ముందే సిద్ధం చేయండి. అది నీళ్లతో కాక గాలి పీల్చే బలంతో పనిచేస్తుంది కాబట్టి పేలినట్టు చప్పుడొస్తుంది. ఇరుకు గదిలో ఆ మోత విన్న పిల్లలు తమనీ లాగేస్తుందేమోనని ఇంక ఆ గడప తొక్కరు. పని అయ్యాక పిల్లాడిని బయట నిలబెట్టి, మూత వేసి, అప్పుడు బటన్ నొక్కండి.

కుదుపులు వచ్చినప్పుడు గతుకుల రోడ్డు మీద బస్సు గుర్తుచేయండి: ‘రోడ్డుకి గుంటలున్నట్టే గాలికీ ఉంటాయి.’ బెల్టు బిగించి, మీ మొహం మామూలుగా పెట్టుకోండి. పిల్లలు కుదుపుని చూడరు, మిమ్మల్నే చూస్తారు. లైటు ఆరినా కూర్చున్నంతసేపూ బెల్టు ఉంచడం అలవాటు చేయండి, కొన్ని కుదుపులు చెప్పకుండా వస్తాయి.

10. దిగేటప్పుడు చెవులు

ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే చెవి నొప్పి ఎక్కువ. లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. కర్ణభేరి వెనక ఉన్న గాలికీ గొంతుకీ మధ్య సన్నటి గొట్టం ఒకటి ఉంది. పైకి వెళ్లేటప్పుడు చెవిలోని గాలి దానిగుండా తనంతట తానే బయటికి పోతుంది. దిగేటప్పుడు గాలి లోపలికి రావాలంటే గొట్టం తెరుచుకోవాలి, అది తెరుచుకునేది గుటక వేసినప్పుడో ఆవలించినప్పుడో. పిల్లల్లో ఆ గొట్టం ఇంకా సన్నం, పైగా అడ్డంగా ఉంటుంది. అందుకే వాళ్లకి ఎక్కువ బాధ.

ఒక చిన్న ప్రయోగం చేయించండి. పైన ఎగురుతున్నప్పుడు ఖాళీ నీళ్ల సీసా మూత గట్టిగా బిగించి పిల్లాడి చేతికివ్వండి. దిగుతున్నకొద్దీ దాని పక్కలు లోపలికి సొట్టలు పడతాయి. నేల మీదకొచ్చాక మూత తీస్తే ‘టప్’మని మళ్లీ ఉబ్బుతుంది. ‘నీ చెవిలో జరిగేది ఇదే, గుటక వేస్తే మూత తీసినట్టు’ అంటే ఐదేళ్ల వాడికి కూడా అర్థమవుతుంది, చెప్పకుండానే గుటకలు వేస్తాడు.

దిగడం మొదలయ్యేది మీరు అనుకున్నదానికన్నా ముందు, నేల తాకడానికి దాదాపు అరగంట ముందు. పైలట్ ప్రకటన కోసం చూడకండి. ఇంజన్ చప్పుడు తగ్గి ముక్కు కాస్త కిందకి వాలిందంటే మొదలైనట్టే. నిద్రపోతుంటే అప్పుడే లేపండి. నిద్రలో గుటకలు తక్కువ, నొప్పితో ఉలిక్కిపడి లేస్తే ఇంక సముదాయించడం కష్టం. చంటిబిడ్డకి పాలు పట్టండి, లేదా నోట్లో రబ్బరు పీక పెట్టండి. ఆకలిగా ఉండేలా ముందు నుంచే చూసుకుంటే మేలు. కాస్త పెద్ద పిల్లలకి స్ట్రాతో గుక్క గుక్కగా నీళ్లు, నమలడానికి ఏదైనా. గట్టి చాక్లెట్ బిళ్లలు చిన్న పిల్లలకి ఇవ్వొద్దు, కుదుపుకి గొంతులో అడ్డం పడతాయి. ఆరేడేళ్లు దాటితే ముక్కు మూసుకుని, నోరు మూసి, మెల్లగా గాలి ఊదమనండి, బలంగా కాదు. ఏడుస్తున్నారా? ఏడవనివ్వండి. ఏడుపులో గుటకలూ పడతాయి, చెవులూ తెరుచుకుంటాయి.

నేల తాకగానే మళ్లీ పెద్ద మోత: ఇంజన్ల గాలిని ముందుకి మళ్లించి వేగం తగ్గిస్తారు. రెక్క మీద పలకలు నిలువుగా లేచి నిలబడతాయి, కిటికీలోంచి చూపించండి.

11. దిగాక

విమానం ఆగగానే అందరూ లేస్తారు. మీరు లేవకండి. అందరూ వెళ్లాక దిగితే సీటు కింద, సీటు జేబులో, కిటికీ గోడ సందులో ఒక్కసారి చెయ్యి పెట్టి వెతికే తీరిక దొరుకుతుంది. కుందేలు ఉండేది అక్కడే. విమానం ఖాళీగా ఉన్నప్పుడు పైలట్ గదిలోకి తొంగి చూడొచ్చా అని అడగండి, కొందరు సరదాగా ఒప్పుకుంటారు.

లగేజీ బెల్టు దగ్గర పిల్లల్ని పసుపు గీత వెనకే నిలబెట్టండి. బెల్టు మీద వేళ్లు పెట్టడం, ఎక్కడం చాలా ప్రమాదం. బ్యాగు కనిపెట్టే పని మాత్రం వాళ్లకే అప్పజెప్పండి, ముందే దానికి ఒక రంగు రిబ్బను కట్టి ఉంచితే.

చెవులు కాసేపు బరువుగా ఉండటం మామూలే. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే, చెవిలోంచి ఏదైనా కారితే, జ్వరం వస్తే డాక్టర్‌కి చూపించండి. తిరుగు ప్రయాణం దగ్గర్లోనే ఉంటే అంతకుముందే.